గడియారం చూసి నడవాల్సిన పాతబస్తీ

చార్మినార్ చూడటానికి గైడెందుకు? అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నేరుగా నడిస్తే అదే కనపడుతుంది కదా. చాయ్ తాగడానికీ దోసె తినడానికీ ఒకరికి డబ్బులిచ్చి వెంట తిరగడమేమిటి? హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లు ఈ మాట అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయినా శని, ఆదివారాల్లో తెల్లవారాక నయాపూల్ దాటి మదీనా చౌరస్తా వైపు వెళ్తే, ఒక మనిషి చుట్టూ చేరి తలలెత్తి కమాన్ల వైపు చూస్తున్న చిన్న గుంపు ఏదో ఒకటి ఎదురవుతుంది. వాళ్లలో విదేశీయులు ఉంటారు. గచ్చిబౌలి, మాదాపూర్ ఉద్యోగులూ ఉంటారు. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు ఊరు చూపిద్దామని తీసుకొచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటారు. ఊళ్లోనే ముప్ఫై ఏళ్లుగా ఉంటూ గుల్జార్ హౌజ్ ఎక్కడో తెలియనివాళ్లు వీళ్లందరికంటే ఎక్కువగా ఉంటారు.

ఏర్పాటు మామూలుదే. ఎనిమిది నుంచి పన్నెండు మంది, ఒక గైడు, మూడు గంటల సమయం, రెండు మూడు కిలోమీటర్లకు మించని నడక. దారిలో నాలుగైదు కట్టడాలు, నాలుగైదు చోట్ల తిండి. ఇచ్చే రుసుములోనే తిండి ఖర్చు కలిసి ఉంటుంది. కొందరు తిండిని వేరుగా ఎవరికి వారే కొనుక్కోమంటారు. గుంపు పన్నెండు దాటితే గైడు మాట చివరివాళ్లకు వినపడదు, ఇరానీ హోటల్లో బల్లలు దొరకవు, ఫుట్‌పాత్ మీద దుకాణదారుడికి అడ్డం పడతారు. పాతిక మందిని పోగుచేసి మైకు పట్టుకుని నడిపించేదాన్ని ఊరేగింపు అనొచ్చు, వాక్ అనలేం.

సరే, పటం మన ఫోన్లోనే ఉంది, ఏ బండి దగ్గర ఏం బాగుంటుందో వీడియోలు వందల్లో ఉన్నాయి. మరి గైడు అదనంగా ఇచ్చేదేమిటి? నా లెక్కలో ప్రధానమైనది వేళ. పాతబస్తీలో ప్రతి తిండికీ ఒక వేళ ఉంది, ప్రతి కట్టడానికీ ఒక వేళ ఉంది, అవి ఒకదానితో ఒకటి సరిపోవు. నిహారీ తెల్లవారుజామున మొదలై, పొద్దెక్కేసరికి గిన్నె అడుగంటుతుంది. చార్మినార్ టికెట్ కౌంటర్ తొమ్మిదిన్నర ప్రాంతంలో గానీ తెరవరు. లాడ్ బజార్ దుకాణాలు పదకొండు దాకా నిద్ర లేవవు. మధ్యాహ్నం పన్నెండుకు వెళ్లినవాళ్లకు నిహారీ ఉండదు, ట్రాఫిక్ మాత్రం ఉంటుంది. అన్నీ ఒకే పూటలో చూడాలని వెళ్లి ఏదీ సరిగ్గా చూడకుండా తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. మంచి నడకను తయారుచేసేవాడు ముందు గడియారం చూస్తాడు, తరువాతే దారి గీస్తాడు.

ఉదయం నడకనే తీసుకుందాం. ఆరున్నరకు నయాపూల్ దగ్గర మొదలుపెడితే అక్కడి నుంచి చార్మినార్‌కు సుమారు ఒక కిలోమీటరు. మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, రెండో ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఈ ఊరిని ముంచేసింది. వేల మంది చనిపోయారు. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, ఇరుకు బస్తీలను సరిచేసి వీధులు వేసింది. ఈ సంగతి ఇక్కడే చెప్పుకోవడానికి కారణముంది. మరో పది నిమిషాల్లో మనం నడవబోయే పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టించినదే.

ముందు తిండి. మదీనా చౌరస్తా చుట్టుపక్కల నయాబ్, షాదాబ్ లాంటి హోటళ్లలో ఈ వేళకు నిహారీ, పాయా సిద్ధంగా ఉంటాయి. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికి, పొద్దుటికి పులుసు వేలికి అంటుకునేంత చిక్కబడుతుంది. అందులో కుల్చా గానీ, నాలుగు మూలలుండే చార్‌కోనీ నాన్ గానీ ముంచుకు తింటారు. రాత్రి పని దిగినవాళ్లు, తెల్లవారుజామున సరుకు దించే హమాలీలు, ఫజర్ నమాజు ముగించుకు వచ్చినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటుంటారు. బరువైన తిండి అది. అలవాటు లేనివాళ్లకు ఖిచిడీ, ఖీమా, ఖట్టా మేలు. పసుపు రంగు ఖిచిడీ మీద ఖీమా వేసుకుని, చింతపండు నువ్వుల పులుసు పోసుకుని తినే ఈ ఉదయపు భోజనం హైదరాబాదీ ఇళ్లలో రోజువారీది. బిర్యానీకి వచ్చిన పేరులో పదో వంతు కూడా దీనికి రాలేదు. నన్నడిగితే ఈ ఊరి తిండి తెలుసుకోవడానికి బిర్యానీ కంటే ఇదే దగ్గరి దారి.

ఇక్కడ గైడు పనితనం ఒక చిన్న విషయంలో తెలిసిపోతుంది. మొదటి చోటే అందరికీ ప్లేటు నిండా పెట్టిస్తే ఆ నడక చెడినట్టే. పెళ్లి భోజనంలో పులిహోరతోనే కడుపు నింపుకున్నవాడు పెరుగు దాకా రాలేడు. ఇద్దరికి ఒక ప్లేటు, ముగ్గురికి రెండు చాయ్‌లు, ఆ లెక్కన పంచేవాడే చివరి దాకా నడిపించగలడు. శాకాహారులు గుంపులో ఉంటే వాళ్లను మొదటి గంటంతా మంచినీళ్లతో కూర్చోబెట్టకూడదు. దీన్ని ముందే అడిగి, దారి మార్చుకునే గైడులు కొందరే.

హోటల్ బయటికి వస్తే పత్తర్‌గట్టి. పొద్దున్నే రావడంలోని అసలు లాభం ఇక్కడ కనపడుతుంది. రోడ్డుకు రెండు వైపులా రాతి కమాన్ల వరస, పైన అంతస్తులు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే తీరు. మధ్యాహ్నం వస్తే వేలాడే చీరలు, షేర్వానీలు, బోర్డులు, జనం తప్ప రాయి కనపడదు. షట్టర్లు మూసి ఉన్న ఈ ఒక్క గంటలోనే, ఇదంతా ఒక పథకం ప్రకారం కట్టిన వీధి అన్న సంగతి కంటికి ఆనుతుంది. వరద నేర్పిన పాఠంతో గాలీ వెలుతురూ వచ్చేలా వెడల్పు చేసిన వీధి అది. ఇందాకటి చింతచెట్టు కథకూ ఈ రాతి కమానుకూ ఉన్న లంకె గైడు చెప్పకపోతే, రెండూ విడివిడి సమాచారాలుగానే మిగిలిపోతాయి.

మచ్లీ కమాన్ కింద నుంచి వెళ్తే గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, నడుమ నీటి తొట్టి. చార్మినార్ తరువాత ఒకటి రెండేళ్లకే కట్టిన ఈ చార్‌కమాన్, కుతుబ్‌షాహీ రాజప్రాసాదాల ముందరి చౌక్. ఆ ప్రాసాదాలు ఇప్పుడు లేవు. పడమటి కమాను లోపలికి వెళ్తే రాజభవనం వచ్చేదని చెప్పుకోవడమే మిగిలింది. ఇప్పుడు ఈ చౌక్ నగల దుకాణాలది. తరతరాలుగా మార్వాడీ, అగర్వాల్ వ్యాపారుల కుటుంబాలు ఇక్కడే దుకాణం, ఇల్లు కలిపి పెట్టుకున్నాయి. అందుకే ఇక్కడ తిండి మారిపోతుంది. పాయా వాసన పోయి వెన్న వాసన వస్తుంది.

గోవింద్ బండి ఇక్కడే. పెద్ద పెనం మీద నీళ్లు చల్లి, పుల్లల చీపురుతో తుడిచి, ఒకేసారి నాలుగైదు దోసెలు పరుస్తారు. పిండి ఆరకముందే చెంచాలతో వెన్న పడుతుంది. దాని మీద ఉప్మా, ఉల్లిపాయ, టమాటా, కారప్పొడి వేసి, పెనం మీదే గరిటెతో మెదిపి దోసె అంతా పూస్తారు. అది అంచులు పొంగుతూ ఎర్రబడేలోపు, పక్కన ఇడ్లీలు ముక్కలై అదే కారంలో దొర్లుతుంటాయి. దోసెలో ఉప్మా ఏమిటని గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో వచ్చినవాళ్లు ముందు మొహం పక్కకు తిప్పుకుంటారు. ఒక ముక్క తిన్నాక ఇంకో ప్లేటు చెబుతారు. పాతబస్తీ అంటే మాంసమే అనుకునేవాళ్లకు ఈ బండి దగ్గర కాసేపు నిలబడటం ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పుతుంది. దక్షిణాది దోసెను ఉత్తరాది వ్యాపారుల చౌక్‌లో, వాళ్ల వెన్నతో, నిజాం నగరపు కారంతో తింటున్నాం. ఊరి చరిత్రలో మూడు అధ్యాయాలు ఒక ఆకు మీద దొరికినట్టే.

ఈ చౌక్‌లో గొంతు తగ్గించి నడవాలి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గరి ఒక భవనంలో మంటలు చెలరేగి, పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. కింద దుకాణం, పైన ఇల్లు, బయటికి రావడానికి ఇరుకు దారి. ఫొటోల్లో అందంగా కనపడే ఈ పాత ఇళ్లలో మనుషులు కాపురముంటున్నారన్నది గైడు మొదటే చెప్పాల్సిన మాట. తలుపు తీసి ఉంది కదా అని లోపలికి కెమెరా పెట్టేవాళ్లను ఆపడం కూడా అతని పనే.

ఇక చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. నగరం నక్షా వెనక ఉన్నది అతని పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ, ఇరాన్ నుంచి వచ్చినవాడు. చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్‌లో నిలబడి ఇరానీ చాయ్ తాగుతున్నప్పుడు ఈ సంగతి గుర్తుచేసే గైడు తన పని తెలిసినవాడు. ఎందుకంటే ఇరాన్‌తో ఈ ఊరికున్న బంధం రెండు విడతల్లో వచ్చింది. పదహారో శతాబ్దంలో కవులు, పండితులు, ప్రణాళికలు గీసినవాళ్లు వచ్చారు. దాదాపు మూడు వందల ఏళ్ల తరువాత బతుకుతెరువు కోసం యజ్ద్ లాంటి చోట్ల నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్లు హోటళ్లు పెట్టారు. మొదటివాళ్లు మినార్లిచ్చారు, రెండోవాళ్లు చాయ్ ఇచ్చారు. రెండూ ఒకే చౌరస్తాలో పక్కపక్కన దొరకడం హైదరాబాద్‌లోనే.

చాయ్ సంగతి వచ్చింది కాబట్టి, అది మనింట్లో పెట్టుకునే టీ లాంటిది కాదు. డికాషన్ ఒక పాత్రలో, పాలు మరో పాత్రలో. డికాషన్ పాత్ర మూతకు గుడ్డ చుట్టి బిగించి, ఆవిరి పోకుండా సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచుతారు. పాలు మరో పక్క మరుగుతూ మీగడ కట్టేదాకా చిక్కబడుతుంటాయి. కప్పులో ముందు డికాషన్, దాని మీద పాలు. కలిపి మరిగించడమనేది లేదు. పాలు ఎక్కువ కావాలంటే 'పౌనా' అనాలి. తోడుగా తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కట్. దాన్ని చాయ్‌లో ముంచి ఎంతసేపు ఉంచొచ్చన్నది అనుభవం మీద తెలిసే విద్య.

ఆ బిస్కట్ ఎలా పుట్టింది? ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం చేశారని ఒక కథ, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నోటికి నచ్చేలా చేశారని ఇంకో కథ. ఈ రెండు కథల్లో ఏదీ కాగితం మీద రుజువైనది కాదు. గైడు రెండూ చెప్పి, కథలని చెప్పి వదిలేస్తే చాలు.

కథ అని చెప్పడం చిన్న విషయంగా కనపడొచ్చు. నడకల్లో మంచి చెడ్డలను తేల్చేది అదే. చార్మినార్ ఎందుకు కట్టారు? మహమ్మారి పోయినందుకు కృతజ్ఞతగా కట్టించాడన్నది వాడుకలో ఉన్న కథ. హిజ్రీ శకానికి వెయ్యో ఏడు సరిగ్గా 1591 అక్టోబర్‌లో మొదలైంది కాబట్టి, ఆ సహస్రాబ్ది గుర్తుగా కొత్త నగరం, నడుమ ఈ కట్టడం అని చరిత్రకారులు చెప్పే మాట. భాగమతి సంగతి ఇంకా చిక్కు. కులీ కుతుబ్‌షా ప్రేమించిన ఆమె పేరు మీదే భాగ్యనగరం అయిందని సమకాలీనుడైన ఫరిష్తా రాశాడు. హెచ్.కె.షేర్వానీ లాంటి చరిత్రకారులు ఆమె కథకు ఆధారాలు చాలవన్నారు. నరేంద్ర లూథర్ ఆమె ఉందనే వాదించారు. ఈ మూడు పేర్లూ చెప్పి "ఇదీ సంగతి, మీరే తేల్చుకోండి" అనే గైడుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. చార్మినార్ కింద నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని, అందులో గుర్రాలు పరిగెత్తేవని కంటితో చూసినట్టు చెప్పేవాళ్లూ ఉన్నారు. అది విన్నప్పుడు నవ్వి ఊరుకోవచ్చు. అలాంటి గైడు చెప్పే సంవత్సరాలను మాత్రం నమ్మకండి.

కొందరు గైడులు చార్మినార్ గేటు బయటే నిలబడి అంతా చెప్పేసి, "మీరు లోపలికి వెళ్లి రండి" అంటారు. బద్ధకమని అనుకోవద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడంలో డబ్బు తీసుకుని సందర్శకులకు చూపించాలంటే లైసెన్సు ఉండాలని 1959 నాటి నియమాలు చెబుతున్నాయి. అది లేనివాళ్లు బయటే ఆగిపోతారు. బుక్ చేసుకునే ముందు "మీకు లైసెన్సు ఉందా, లోపలికి వస్తారా" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఇంకో మాట, లోపలి మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద కూర్చుని చాయ్ తాగడమే మంచిది.

మక్కా మసీదు పక్కనే. కుతుబ్‌షాహీల కాలంలో పని మొదలై, వాళ్ల రాజ్యం పోయాక 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ఆవరణలో ఒక వరసలో అసఫ్‌జాహీల, అంటే నిజాంల, సమాధులున్నాయి. ఏడో నిజాం సమాధి ఇక్కడ లేదు, కింగ్‌కోఠీ దగ్గరి జూదీ మసీదులో ఉంది. ఆయన మనవడు ముకర్రం ఝాను 2023 జనవరిలో ఇక్కడికే తీసుకొచ్చి ఖననం చేశారు. నమాజు వేళ తప్పించి వెళ్లాలి, ఒళ్లు నిండా బట్టలుండాలి. అక్కడ తిండి కబుర్లు పెట్టకపోవడం మర్యాద.

సాయంత్రపు నడక దీనికి పూర్తిగా వేరు. కట్టడాలు చీకట్లో కలిసిపోతాయి, బజారు బయటికొస్తుంది. లాడ్ బజార్ లక్క గాజులను దుకాణంలో చూడటం ఒక ఎత్తు, వెనక సందుల్లో చేస్తుండగా చూడటం ఇంకో ఎత్తు. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, రంగు పట్టించి, పలక మీద ఒత్తుతూ సన్నటి కడ్డీలా సాగదీస్తారు. దాన్ని వంచి కొసలు అతికి, గుండ్రటి కర్రకు ఎక్కించి కొలత సరిచూస్తారు. వేడి ఆరేలోపు ఒక్కొక్క రాయీ పొదగాలి. వేళ్లు కాలకుండా ఈ పని చేసే ఆడవాళ్ల చేతుల వేగం ముందు దుకాణంలోని దీపాల వెలుగు ఏ మూలకూ రాదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వచ్చిందని చెప్పి ఊరుకోకుండా, ఆ సందులోకి తీసుకెళ్లి, చేసినవాళ్ల దగ్గరే కొనిపించే గైడు దొరికితే ఆ నడకకు ఇచ్చిన డబ్బు దండగ కాదు.

రంజాన్ నెలలో సాయంత్రాలు మరో లోకం. హలీం కోసం ఇటుకలతో కట్టిన భట్టీల మీద పెద్ద దేగిశాలు, వాటిలో గోధుమలు, మాంసం, పప్పులు పొద్దుటి నుంచీ ఉడుకుతుంటాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి బరువైన కర్ర ఘోట్నీలతో ఎత్తి ఎత్తి కుమ్ముతుంటారు. గోధుమ ఏదో మాంసం ఏదో తెలియకుండా పోవాలి. నిజాంల సైన్యంలో చేరిన అరబ్బు సిపాయిల వెంట వచ్చిన వంటకు ఈ ఊరు మసాలా, నెయ్యి కలిపి తనదిగా చేసుకుంది. ఆ సిపాయిల వారసులు ఇప్పటికీ బార్కాస్‌లో ఉన్నారు. 2010లో హలీంకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. యునెస్కో 2019లో హైదరాబాద్‌ను ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా చేర్చుకున్నాక ఇలాంటి నడకలకు ప్రచారం పెరిగింది. ప్రచారంతో పాటు ధరలూ పెరిగాయి.

ఆ ధర ఎటు పోతుందన్నది చూడాలి. మీరిచ్చే రుసుములో గైడు కూలి, తిండి ఖర్చు, టికెట్లు ఉంటాయి. అంతర్జాతీయ బుకింగ్ వెబ్‌సైట్ ద్వారా కొంటే అందులో 20 నుంచి 30 శాతం దాకా కమీషన్‌గా పోవడం మామూలే. యూరప్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు 'ఫ్రీ వాకింగ్ టూర్లు' తెలుసు. టికెట్ ఉండదు, చివర్లో నచ్చినంత ఇస్తారు. అక్కడా గైడు బతికేది ఆ చేతి డబ్బు మీదే. అహ్మదాబాద్‌లో దారి వేరు. అక్కడి నగరపాలక సంస్థ 1997 నవంబర్ 19న వారసత్వ నడక మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం నుంచి జుమ్మా మసీదు దాకా పోళ్లనే పాత ఇరుకు వాడల మధ్యగా సాగే ఆ నడక, పాత నగరాన్ని కాపాడుకోవాలన్న ఆలోచనను ఇంటింటికీ చేర్చింది. 2017లో ఆ నగరం ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. ఊరు తనంతట తాను పూనుకుంటే ఏమవుతుందో దాంట్లో ఉంది.

ఈ లెక్కలో అందరికంటే వెనకబడేది బండివాడు. అతని బండి లేకపోతే ఫుడ్ వాక్ అనేదే లేదు. కానీ అతను ఆ చోటు నుంచి ఏ రోజైనా లేచిపోవాల్సి రావచ్చు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు వెండింగ్ సర్టిఫికెట్లు ఇవ్వాలంది, పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం వాళ్లే ఉండాలంది. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి నడక దారి చేశారు, మంచిదే. చౌరస్తా శుభ్రపడిన ప్రతిసారీ ముందు కదిలేది బండ్లే. పాదచారుల కోసం చేసిన చోట పాదచారికి తినడానికేమీ దొరక్కపోతే ఆ పథకంలో ఏదో మరిచిపోయినట్టే. మీ వాక్ గైడు బండి దగ్గర ప్లేటుకు మామూలు ధర ఇస్తున్నాడా, "కస్టమర్లను తెచ్చాను కదా" అని తగ్గించమంటున్నాడా, కాస్త గమనించండి.

పాతబస్తీ మెట్రో పని వల్ల దారి కూడా మారుతోంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే ఆ మార్గం కోసం రోడ్డు వెడల్పు చేస్తూ 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. 1851 నుంచి నడిచిందని చెప్పే పురానీ హవేలీ మున్షీ నాన్ దుకాణం ఆ రోడ్డు మీదిదే. పాత వ్యాసం చూసి వెళ్లేవాళ్లు ముందుగా అడిగి వెళ్లండి.

కడుపు సంగతి ఒకటి మిగిలింది. వీధి తిండి అంటేనే భయపడక్కర్లేదు, కళ్లు తెరిచి తినాలి. మీ ఎదురుగా వేడి మీద నుంచి దిగినదానితో చిక్కు తక్కువ. దోసె, చాయ్, తందూరులో నుంచి తీసిన నాన్, మరుగుతున్న నిహారీ ఆ కోవలోవి. జాగ్రత్త పడాల్సింది చల్లటి వాటితో. ఎప్పుడో కోసి పెట్టిన పండ్ల ముక్కలు, ఎక్కడి నీళ్లతో చేశారో తెలియని ఐసు, ఎండలో ఉన్న కొబ్బరి చట్నీ మానేయొచ్చు. నూనె నల్లబడి పొగలు కక్కుతుంటే బజ్జీలు వద్దనుకోండి. వేడి పదార్థాన్ని వార్తాపత్రికలో కడితే సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రత సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది కూడా. పాతబస్తీ నడకలో మయొనైజ్ ఎదురైందంటే, ఆరోగ్యం మాట అటుంచి, మీరు దారి తప్పారనే అర్థం.

గైడు లేకుండానే వెళ్తామంటారా, వెళ్లండి, ఇందాక చెప్పిన వరసలోనే ఒక్కరే నడవచ్చు. నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, మచ్లీ కమాన్, గుల్జార్ హౌజ్, చార్మినార్, మక్కా మసీదు. అక్కడికి పది అవుతుంది, చౌమహల్లా ప్యాలెస్ తలుపులు తెరుస్తారు. నచ్చితే అది చూసుకుని, లేకపోతే ఇంటికొచ్చేసి, లాడ్ బజార్ కోసం ఇంకో సాయంత్రం మళ్లీ వెళ్లండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. చౌమహల్లాకూ సాలార్‌జంగ్ మ్యూజియానికీ ఆ రోజే సెలవు, మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు. వేసవిలో తొమ్మిదిన్నర దాటాక రాతి నేల కాలిపోతుంది, కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఏ ఆదివారమైనా మేలు. పార్కింగ్ దొరకదు, ఆర్టీసీ బస్సులో అఫ్జల్‌గంజ్‌లో దిగండి. జేబులో పది, ఇరవై నోట్లు ఉంచుకుని, బండి దగ్గర డబ్బులు మీ చేత్తోనే ఇవ్వండి.